కళ్లంలో బూజు.. కాలేయంలో వైరస్

మొక్కజొన్న, వేరుశనగ, కర్రపెండలం.. ఆఫ్రికాలో కోట్లాది మంది కడుపు నింపే పంటలివి. వాటిని పట్టిన శిలీంధ్రాల విషం చేనుతో ఆగడం లేదు. తిన్నవాళ్ల ఒంట్లోకీ వస్తోంది. అక్కడ వైరస్ తోడు దొరికితే ప్రాణం తీస్తోంది.

నైరోబీ నుంచి ఆగ్నేయంగా వెళ్తే వచ్చే మకువేని, దాని పక్కనున్న కిటుయి కెన్యాలో కరవు ప్రాంతాలు. అక్కడ ఎక్కువగా కంబా రైతులు ఉంటారు. ఉన్న కొద్దిపాటి చెలకలో మొక్కజొన్న వేసుకుని, పండింది ఇంట్లోనే దాచుకుని, మళ్లీ పంట వచ్చేదాకా అదే తింటారు. 2004లో పైరుకు కావాల్సినప్పుడు వాన లేదు. తీరా కంకులు చేతికొచ్చే వేళకు అకాల వర్షం పడింది. తడిసిందని పారేసుకునే స్థోమత ఎవరికీ లేదు. ఆరీ ఆరని గింజల్నే ఇంట్లోకి చేర్చుకున్నారు.

మే నెలకల్లా ఆసుపత్రులకు పచ్చకామెర్ల రోగుల తాకిడి పెరిగింది. కడుపునొప్పి, వాంతులు, పచ్చబడిన కళ్లు, పొట్టలో నీరు. కామెర్లు ఆ జిల్లాలకు కొత్తేమీ కాదు గానీ, అంతమందికి ఒక్కసారిగా, కారణం తెలియకుండా రావడం కొత్త. జులై 20 నాటికి లెక్క తేలినవాళ్లు 317 మంది. వాళ్లలో 125 మంది చనిపోయారు. జబ్బుపడిన ప్రతి అయిదుగురిలో ఇద్దరు.

దోషి గింజలోనే దొరికింది. టన్ను మొక్కజొన్నలో 20 మిల్లీగ్రాములకు మించి అఫ్లాటాక్సిన్ అనే శిలీంధ్ర విషం ఉండకూడదన్నది అప్పటి కెన్యా నిబంధన. ఆ ప్రాంతపు సంతల్లో తీసిన నమూనాల్లో సగానికి పైగా ఆ గీత దాటాయి. నూటికి ఏడింటిలో టన్నుకు 1,000 మిల్లీగ్రాములకు పైనే ఉంది. బాధిత ఊళ్లలో తీసిన గింజల్లో అత్యధికంగా 4,400 తేలింది. అంతకు ఇరవై మూడేళ్ల ముందు, 1981లో, పక్కనే ఉన్న మచాకోస్‌లో ఇదే జబ్బుతో 20 మంది ఆసుపత్రిలో చేరితే 12 మంది బతకలేదు. అప్పుడూ మొక్కజొన్నే. అంత స్పష్టంగా ఒకసారి హెచ్చరిక వచ్చాక కూడా అదే ప్రాంతం, అదే పంట, అదే చావు! ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధించేది ఇదే.

మనకూ ఈ విషం కొత్త కాదు. 1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో కోత సమయంలో వానలు పడి మొక్కజొన్న బూజు పట్టింది. అది తిన్న గిరిజనుల్లో 397 మంది జబ్బుపడ్డారు. 106 మంది చనిపోయారు. అదే ఇళ్లలో కుక్కలకూ కామెర్ల లక్షణాలు వచ్చాయి. ఆ గుట్టు విప్పింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి బృందం. వాళ్లు రాసిన నివేదిక మకువేనిని అర్థం చేసుకోవడానికి ముప్పై ఏళ్ల తర్వాత కూడా పనికొచ్చింది.

కంటికి కనిపించని విషం

అఫ్లాటాక్సిన్‌ను తయారుచేసేది ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం. వేడి నేలల్లో ఎక్కడైనా ఉంటుంది. దాని బీజాలు గాలిలో ఎగిరి మొక్కజొన్న పీచు మీద వాలతాయి. పీచు వెంట లోపలికి పాకుతాయి. పురుగు తొలిచిన కన్నం దొరికితే ఇంకా సులువు. పొట్టు ఒలిచి చూస్తే కంకి కొసన, పురుగు మేసిన గింజల మధ్య, ఆకుపచ్చటి పొడి అంటుకుని ఉంటుంది. వేరుశనగలో అయితే కాయ ఊరేది మట్టిలోనే కాబట్టి శిలీంధ్రం చుట్టూనే ఉన్నట్టు. చివరి నెలలో వాన మొహం చాటేసి నేల వేడెక్కితే, తనను తాను కాపాడుకునే శక్తి కాయకు తగ్గుతుంది. బూజు లోపలికి దిగుతుంది. అంటే కరవు రైతును రెండుసార్లు దెబ్బతీస్తుంది. దిగుబడి తగ్గిస్తుంది, మిగిలిన దిగుబడిలో విషం పెంచుతుంది.

బూజు కనిపించినా కనిపించకపోయినా విషం ఉండొచ్చు. దానికి రంగు లేదు, రుచి లేదు. ఉడికించినా వేయించినా పూర్తిగా పోదు. ఉగాలి అని కెన్యా వాళ్లు వండుకునే మొక్కజొన్న సంకటి గంటసేపు కుతకుతలాడినా అంతే. కంబా వాళ్లకు ముతోకోయి అని ఒక పాత వంటకం ఉంది. గింజల్ని దంచి పైపొట్టు తీసేసి వండుతారు. అలా పొట్టు తీస్తే విషంలో కొంత భాగం దాంతో పాటు పోతుందని పరీక్షల్లో తేలింది. కొంత మాత్రమే.

ఈ విషం సంగతి ప్రపంచానికి తెలిసింది కోళ్లఫారాల వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కకుండా చనిపోయాయి. మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్కను అనుమానించి, తవ్వుకుంటూ పోతే ఈ శిలీంధ్రం బయటపడింది. కోళ్ల మేత మీద అప్పుడు మొదలైన నిఘా సంపన్న దేశాల్లో మనుషుల తిండి మీదికీ వచ్చింది. పండించుకున్నదే తినే ఆఫ్రికా రైతు వంటింటిదాకా మాత్రం ఇప్పటికీ రాలేదు.

రెండూ కలిస్తే

మకువేనిలో ఒక్కసారిగా చచ్చిపోయినవాళ్ల సంగతి లోకానికి తెలిసింది. చాలామంది కొంచెం కొంచెంగా, ఏళ్ల తరబడి ఈ విషాన్ని తింటూనే ఉంటారు. వాళ్లకు వచ్చేది కాలేయ క్యాన్సర్. ఇక్కడే కథలోకి వైరస్ వస్తుంది.

హెపటైటిస్ బి వైరస్ కాలేయ కణాల్లో కాపురం పెడుతుంది. పసితనంలో సోకితే చాలావరకు జీవితాంతం ఉండిపోతుంది. మరోపక్క అఫ్లాటాక్సిన్ కాలేయంలోకి చేరాక అక్కడి ఎంజైములే దాన్ని మరింత చురుకైన రూపంలోకి మారుస్తాయి. అది వెళ్లి డీఎన్‌ఏను పట్టుకుంటుంది. కణం అదుపు తప్పకుండా కాపలా కాసే పి53 అనే జన్యువులో, 249వ స్థానంలో ఒక్క అక్షరం మారుస్తుంది. దక్షిణాఫ్రికా ప్రాంతంలోనూ, చైనాలోని చీడాంగ్‌లోనూ కాలేయ క్యాన్సర్ గడ్డల్లో ఇదే మార్పు పదేపదే కనిపిస్తోందని 1991లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. నేరం జరిగిన చోట విషం వదిలిన వేలిముద్ర అది.

రెండూ ఒకే ఒంట్లో కలిస్తే ఏమవుతుందో షాంఘైలో 18 వేల మందికి పైగా మగవాళ్లను ఏళ్లపాటు గమనించిన అధ్యయనం లెక్క తేల్చింది. రెండూ లేనివాళ్లతో పోలిస్తే అఫ్లాటాక్సిన్ మాత్రమే ఉన్నవాళ్లకు కాలేయ క్యాన్సర్ ముప్పు 3 రెట్లకు పైగా, వైరస్ మాత్రమే ఉన్నవాళ్లకు 7 రెట్లకు పైగా ఎక్కువ. రెండూ ఉన్నవాళ్లకు దాదాపు 59 రెట్లు. ఇది కూడిక కాదు, హెచ్చవేత కూడా దాటిపోయింది. మకువేని రోగుల్లోనూ, జబ్బుపడని ఇరుగుపొరుగుతో పోలిస్తే, హెపటైటిస్ బి ఉన్నవాళ్లు ఎక్కువగా తేలారు. అదే సంకటి తిన్న ఇద్దరిలో ఒకరు పడిపోయి ఇంకొకరు నిలబడటానికి ఒక కారణం అక్కడ ఉంది.

వైరస్‌కు టీకా ఉంది. పశ్చిమాఫ్రికాలోని చిన్న దేశం గాంబియా 1986లో ఒక సాహసం చేసింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థతో, బ్రిటన్ వైద్య పరిశోధన మండలితో కలిసి దేశవ్యాప్తంగా దశలవారీగా శిశువులకు హెపటైటిస్ బి టీకా వేయడం మొదలుపెట్టింది. నాలుగేళ్లలో లక్షకు పైగా పిల్లలు ఆ అధ్యయనంలోకి వచ్చారు. టీకా అందినవాళ్లలో వైరస్ శాశ్వతంగా ఉండిపోవడం 90 శాతానికి పైగా తగ్గింది. క్యాన్సర్ తగ్గిందో లేదో చూడాలంటే ఆ పిల్లలు నడివయసుకు రావాలి కాబట్టి, దశాబ్దాల పాటు సాగేలాగే ఆ పనిని తలపెట్టారు. డబ్బున్న దేశాలే ఇంత దూరం చూడని రోజుల్లో ఒక పేద దేశం చేసిన ఈ పనికి రావాల్సినంత పేరు రాలేదు.

అఫ్లాటాక్సిన్‌కు టీకా లేదు. దాన్ని తిండిలోకి రానీయకపోవడమే దారి. ప్రపంచంలో ఏటా దీనివల్ల వచ్చే కాలేయ క్యాన్సర్లు పాతిక వేల నుంచి లక్షన్నర దాకా ఉండొచ్చని ఒక అంచనా. వాటిలో 40 శాతం ఆఫ్రికావే.

ఇక పిల్లల సంగతి. 2002లో వెలువడిన అధ్యయనంలో బెనిన్, టోగోలలో అయిదేళ్లలోపు పిల్లలు 480 మంది రక్తం పరీక్షిస్తే 99 శాతం మందిలో ఈ విషపు జాడ ఉంది. తల్లిపాలు మాని మొక్కజొన్న అంబలికి మారగానే అది పెరిగింది. బెనిన్‌లో తర్వాత ఎనిమిది నెలలు కొలతలు తీసుకుంటూ వెళ్తే, విషం ఎక్కువగా ఉన్న పిల్లలకూ తక్కువ ఉన్న పిల్లలకూ ఎదుగుదలలో 1.7 సెంటీమీటర్ల తేడా వచ్చింది. అయితే కెన్యాలో తల్లులకు శుభ్రమైన మొక్కజొన్న ఇచ్చి చూసిన ప్రయోగంలో చివరికొచ్చేసరికి ఎత్తులో స్పష్టమైన తేడా తేలలేదు. పిల్లలు గిడసబారడానికి ఈ విషం ఎంత కారణమో చర్చ నడుస్తోంది. చర్చ తెగేదాకా పసివాళ్ల గిన్నెలో దాన్ని ఉంచాల్సిన పని మాత్రం లేదు.

ఏరి పారేసిన గింజలు ఎటు పోతాయి?

వేరుశనగను దెబ్బతీసేది బూజు ఒక్కటే కాదు. ఆ పంట పండించే మన అనంతపురం రైతుకు వైరస్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 2000 సంవత్సరంలో కాండం కుళ్లు తెగులు ఆ జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా పంటను ఊడ్చేసింది. వయ్యారిభామ పుప్పొడిని మోసుకొచ్చే తామర పురుగులే దాన్ని వ్యాపింపజేశాయి. ఆఫ్రికా వేరుశనగకు ఇలాంటి శత్రువు రోజెట్ తెగులు. 1907లోనే టాంజానియా నేల మీద దాన్ని గుర్తించారు. ఆఫ్రికా దాటి ఇంకెక్కడా లేదు. పేనుబంక మోసుకొచ్చే ఈ తెగులులో రెండు వైరస్‌లు, వాటి మీద ఆధారపడే ఒక ఆర్‌ఎన్‌ఏ ముక్క కలిసి పనిచేస్తాయి. పేనుబంక మీదికి ఎక్కి కూర్చోవడానికి ఒకటి, మొక్కలో పెరగడానికి ఇంకొకటి, ఆకులు ముడుచుకుపోయి మొక్క గుబురై కాయ పట్టకుండా చేయడానికి మూడోది. 1975లో ఉత్తర నైజీరియాలో ఏడు లక్షల హెక్టార్ల పంట దీనికి బలైంది. కానో నగరంలో వేరుశనగ బస్తాలను పిరమిడ్లలా పేర్చి ఎగుమతికి ఉంచేవాళ్లు. ఆ పిరమిడ్లు కనుమరుగవడానికి కరవు, చమురు మోజు తోడైనా, రోజెట్ వేసిన దెబ్బ చిన్నది కాదు.

ఈ తెగులు మీద దశాబ్దాల పాటు పనిచేసినవాళ్లలో పటాన్‌చెరు ఇక్రిశాట్ వైరాలజిస్టు డి.వి.ఆర్. రెడ్డి ఒకరు. అక్కడి ప్రయోగశాల మరో మేలు కూడా చేసింది. గింజల్లో అఫ్లాటాక్సిన్‌ను పసిగట్టే యాంటీబాడీలను సొంతంగా తయారుచేసి, ఖరీదైన ఆ పరీక్షను ఒకటి రెండు డాలర్లలోకి దించింది. మలావీలో ఆ పరీక్ష పెట్టుకున్నాక అక్కడి చిన్న రైతుల సంఘం బ్రిటన్‌కు మళ్లీ వేరుశనగ అమ్మగలిగింది.

మంచి వార్తే. కానీ ఎగుమతి శాలలో గింజలు ఏరే చోట చూడండి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పగిలినవి, బూజు మచ్చ ఉన్నవి ఏరి పక్కన పడేస్తారు. విషం ఎక్కువగా ఉండేది వాటిలోనే. మంచివి ఓడ ఎక్కుతాయి. ఏరి పక్కన పెట్టినవి చౌకగా సంతకు వస్తాయి. మలావీలో వాటిని దంచి న్సిన్జిరో అనే పొడి చేసి కూరల్లో కలుపుకుంటారు. పొడి అయిపోయాక ఏది మంచి గింజో ఏది చెడ్డదో చెప్పేవాళ్లుండరు. యూరప్ వినియోగదారు కోసం టన్నుకు 4 మిల్లీగ్రాముల గీత గీశారు. ఆ గీత దాటిన సరుకంతా ఆ ఊళ్లోనే అందరికన్నా పేదవాళ్ల పళ్లెంలోకి చేరుతోంది.

2021 మార్చిలో కెన్యా ఇలాగే ఉగాండా, టాంజానియా మొక్కజొన్నను శిలీంధ్ర విషాల పేరుతో నిషేధించింది. కొద్దిరోజులకు నిషేధం ఎత్తేసి, టన్నుకు 10 మిల్లీగ్రాములకు లోపు ఉందన్న ధ్రువపత్రం అడిగింది. సరిహద్దు దాటే లారీకి పరీక్ష అవసరమే. కానీ మకువేనిలో చనిపోయినవాళ్లు తిన్నది చాలావరకు సొంత చేలో పండిన గింజ. దానికి ధ్రువపత్రం అడిగేవాళ్లు ఎవరూ లేరు.

అలాంటి ఇంటికి ఉపయోగపడే పని గినీ దేశంలోని కిండియా ప్రాంతంలో జరిగింది. దాని ఫలితాలు 2005లో వెలువడ్డాయి. 20 పల్లెల్ని తీసుకుని, పదింటిలో రైతులకు కొన్ని పనులు నేర్పారు. చెడిన వేరుశనగ కాయల్ని చేత్తో ఏరేయడం, నేల మీద కాకుండా చాపల మీద ఆరబెట్టడం, సరిగా ఎండాయో లేదో చూసుకోవడం, ప్లాస్టిక్ బస్తాలకు బదులు గోనె సంచులు వాడటం, ఆ సంచుల్ని చెక్కల మీద పెట్టడం, పురుగుమందు చల్లడం. అయిదు నెలల తర్వాత ఆ పల్లెల జనం రక్తంలో విషపు జాడ మిగతా పల్లెలతో పోలిస్తే సగానికన్నా తక్కువ. ఇందులో మన కళ్లంలో తెలియని పని ఒక్కటి కూడా లేదు.

చేలోనే అడ్డుకునే ఉపాయం మరొకటి వచ్చింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్‌లో విషం చేయని రకాలు కూడా సహజంగా ఉంటాయి. అమెరికా శాస్త్రవేత్త పీటర్ కాటీ, పటాన్‌చెరులో పనిచేసి నైజీరియాలోని ఇబదాన్‌కు వెళ్లిన రణజిత్ బంద్యోపాధ్యాయ కలిసి ఆ మంచి రకాల్ని ఆయా దేశాల నేలల్లోనే వెతికి పట్టుకున్నారు. మొలకెత్తకుండా వేయించిన జొన్నలకు వాటి బీజాలు పట్టించి, కంకి పూతకు రెండు మూడు వారాల ముందు హెక్టారుకు పది కిలోల చొప్పున చల్లుతారు. అవి ముందే చోటు ఆక్రమించుకుంటే విషపు రకానికి చోటు దొరకదు. అఫ్లాసేఫ్ అనే ఈ మందు వాడిన చేలల్లో విషం 80 శాతానికి పైగా తగ్గుతోంది. 2018లో కెన్యాలోని కటుమానిలో దీన్ని తయారుచేసే కర్మాగారం పెట్టారు. 1981లో జనం చనిపోయిన మచాకోస్ ప్రాంతమే అది. మందు కొన్న రైతుకు సంతలో అదనంగా ఒక్క షిల్లింగు కూడా రాకపోవడమే చిక్కు. విషం లేని గింజా ఉన్న గింజా ఒకే ధర పలికేచోట, ప్రభుత్వం భరించకపోతే ఆ ఖర్చు పేద రైతు భరిస్తాడనుకోవడం అన్యాయం.

జోడీలుగా వచ్చే జబ్బులు

ఈ తోడు కలవడం అన్నది మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. 2011లో కెన్యాలోని బోమెట్‌లో మొక్కజొన్న నిలువునా ఎండిపోయింది. విడిగా వస్తే పెద్ద నష్టం చేయని రెండు వైరస్‌లు ఒకే మొక్కలో కలిశాయి. మూడేళ్లలో ఆ తెగులు ఇథియోపియా దాకా పాకింది. 1990ల్లో ఉగాండాలో రెండు కర్రపెండలం వైరస్‌లు ఒకే మొక్కలో చేరి జన్యువులు మార్చుకుని కొత్త వైరస్ పుట్టింది. తెల్లదోమ మోసుకెళ్లిన ఆ మొజాయిక్ తెగులుతో చాలా ప్రాంతాల్లో కర్రపెండలం సాగే వదిలేశారు. సగ్గుబియ్యం కోసం పెద్దాపురం, సామర్లకోట వైపు పండించే దుంప అక్కడ పూటకూడు.

మనిషి ఒంట్లో రెండో జోడీ హెచ్‌ఐవీ, క్రిప్టోకాకస్. మట్టిలో, పావురాల రెట్టలో ఉండే ఈ శిలీంధ్రం మామూలు మనుషుల్ని ఏమీ చేయదు. హెచ్‌ఐవీ రోగనిరోధక శక్తిని తినేశాక ఊపిరితిత్తుల నుంచి మెదడు పొరల దాకా వెళ్లి, భరించలేని తలనొప్పితో మొదలై ప్రాణం తీస్తుంది. ఏటా దీనితో పోయే లక్షకు పైగా ప్రాణాల్లో అత్యధికం సహారాకు దిగువ దేశాలవే. పాత చికిత్సకు రోజుల తరబడి సెలైన్, తరచూ రక్తపరీక్షలు, మూత్రపిండాల మీద నిఘా కావాలి. జిల్లా ఆసుపత్రులు అవన్నీ చేయలేవు. బోట్స్వానా, మలావీ, దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వే వైద్యులు 844 మందిపై జరిపిన అంబిషన్ పరీక్షలో ఆంఫోటెరిసిన్ మందును కొవ్వు బుడగల్లో పొదిగి ఒకే ఒక్క పెద్ద మోతాదుగా ఇచ్చి, వెంట మాత్రలు వాడారు. పాత పద్ధతికి ఏమాత్రం తీసిపోలేదు, దుష్ప్రభావాలూ తగ్గాయి. 2022లో ఫలితాలు వెలువడ్డాయి. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ప్రామాణిక చికిత్సగా ప్రకటించింది. ఆఫ్రికా వార్డుల్లో ఆఫ్రికా రోగుల అవసరాల నుంచి పుట్టిన వైద్యం ఇది.

ఇన్ని జోడీలు ఉన్నా ప్రభుత్వాల్లో గింజ సంగతి వ్యవసాయ శాఖది, కాలేయం సంగతి ఆరోగ్య శాఖది, ధ్రువపత్రం వాణిజ్య శాఖది. మకువేని లాంటి ఊళ్లో అఫ్లాసేఫ్ బస్తా, హెపటైటిస్ టీకా ఒకే ఇంటికి చేరాలి. ఏ ఒక్కటి చేరినా ముప్పు తగ్గుతుంది, రెండూ చేరితే ఆ 59 రెట్ల లెక్కే తలకిందులవుతుంది. నేల నుంచి విషాన్ని పూర్తిగా తుడిచేయడం ఎవరివల్లా కాదు కాబట్టి టీకా విషయంలో ఆలస్యం మరీ క్షమించరానిది.

తల్లి నుంచి బిడ్డకు వైరస్ వెళ్లకుండా ఉండాలంటే పుట్టిన 24 గంటల్లోపే తొలి మోతాదు పడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం కొత్తగా హెపటైటిస్ బి సోకుతున్నవాళ్లలో 63 శాతం ఆఫ్రికా ప్రాంతంలోనే ఉన్నారు. అక్కడ పుట్టిన రోజు టీకా అందుతున్న శిశువులు మాత్రం 18 శాతం. పేద దేశాలకు టీకాలు సమకూర్చే గావి కూటమి ఈ మోతాదుకు సాయం చేస్తామని 2018లోనే నిర్ణయించింది. కోవిడ్ వచ్చి అది పక్కకు పోయింది. దేశాలకు ఆ తలుపు తెరిచింది 2024లో. ఆ ఆరేళ్లలో పుట్టి, టీకా అందకుండా పోయిన పిల్లలు ఇప్పుడు మొక్కజొన్న అంబలి తాగి పెరుగుతున్నారు.